కీ గడిలో ఏం రాయాలి? చిన్న ఆధునిక పియానో రచనల టెంపో, కీ, భావం గుర్తించే పద్ధతి

"ఈ రచన ఏ కీలో ఉంది?", "మెట్రోనోమ్ ఎంతకు పెట్టాలి?", "భావం గురించి నాలుగు మాటలు రాయమన్నారు, ఏం రాయాలి?" పియానో నేర్చుకునేవాళ్లూ, వాళ్ల తల్లిదండ్రులూ, పాశ్చాత్య సంగీతం కొత్తగా వింటున్న కర్ణాటక సంగీత శ్రోతలూ మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు ఇవే. హైడన్ సొనాటా గురించి ఎవరూ ఇలా అడగరు. అక్కడ కీ పేరు, అంటే రచనకు సా లాంటి స్వరమూ దాని స్కేలూ (సి మేజర్, డి మైనర్ వంటివి), శీర్షికలోనే ఉంటుంది. చిక్కంతా 1900కు కాస్త అటూ ఇటూ మొదలై, ఒకటి రెండు పేజీల్లో ముగిసిపోయే రచనలతోనే. స్కోరులో (అచ్చయిన స్వరలిపిలో) కీ కనిపించదు, వేగానికి అంకె ఉండదు. అప్పుడు చాలామంది ఫోనులో ఏదో యాప్ తెరిచి, అది చూపించిన కీనీ అంకెనూ పియానో పరీక్ష దరఖాస్తు గడుల్లోకి, వాయించే రచనను పరిచయం చేసే ప్రోగ్రాం నోట్స్‌లోకి ఎత్తి రాస్తున్నారు. పరీక్షకుడికి మొదట అనుమానం వచ్చేది అక్కడే.

ఇక్కడ చెప్పే పద్ధతికి పెద్ద సిద్ధాంత జ్ఞానం అక్కర్లేదు. స్వరాల పేర్లు తెలిసి, బార్లు (స్కోరులో నిలువు గీతల మధ్య ఉండే భాగాలు) లెక్కపెట్టగలిగితే చాలు. ఎక్కువగా వాడే ఉదాహరణ ఆస్ట్రియా స్వరకర్త ఆర్నాల్డ్ షోన్‌బర్గ్ రాసిన ‘ఆరు చిన్న పియానో రచనలు’, ఓపస్ (రచన సంఖ్య) 19. 1911లో రాశాడు, 1913లో యూనివర్సల్ ఎడిషన్ అచ్చువేసింది. ఆరింటిలో మూడు తొమ్మిదేసి బార్ల రచనలే. పోల్చి చూడటానికి డెబ్యుసీ, బార్టోక్, స్క్రియాబిన్ రచనలు కూడా తీసుకుందాం.

కావలసినవి

- స్కోరు. ఐఎంఎస్‌ఎల్‌పి అనే ఉచిత ఆన్‌లైన్ భాండాగారంలో పాత ముద్రణల ప్రతులు దొరుకుతాయి. మన దేశంలో రచయిత మరణించిన 60 ఏళ్లకు హక్కులు ముగుస్తాయి. డెబ్యుసీ 1918లో, బార్టోక్ 1945లో, షోన్‌బర్గ్ 1951లో మరణించారు కాబట్టి ఇక్కడ ఇబ్బంది లేదు. విదేశాల్లో ఉన్నవారు ఆ దేశపు నియమం చూసుకోండి.
- వేర్వేరు పియానిస్టుల రికార్డింగులు, కనీసం రెండు.
- స్టాప్‌వాచ్, మెట్రోనోమ్. రెండూ ఫోనులోవే చాలు.
- పియానో గానీ కీబోర్డు గానీ. స్వరం సరిచూసుకోవడానికి హార్మోనియం కూడా పనికొస్తుంది.
- తంబూర శ్రుతి వినిపించే యాప్ లేదా శ్రుతి పెట్టె. ఇది ఎందుకో నాలుగో మెట్టులో తెలుస్తుంది.
- పెన్సిలు, కాగితం.

మొదలుపెట్టే ముందు రెండు జాగ్రత్తలు. కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ మీట సున్నా మీద ఉందో లేదో చూడండి. ఇంట్లో పాటలు పాడేవాళ్ల శ్రుతికి మార్చి అలాగే వదిలేసిన కీబోర్డు మీద కీ వెతికితే తప్పు కీయే దొరుకుతుంది. రెండోది, ‘సులభ ప్రతి’ అని తిరిగే స్కోర్లు వద్దు. వాటిలో వేగం మాటలనూ బలం గుర్తులనూ తీసేసి ఉంటారు. మనకు కావలసిన సమాచారంలో సగం ఆ మాటల్లో, గుర్తుల్లోనే ఉంది.

1. శీర్షిక చూడకుండా ఒకసారి వినండి

స్కోరు పక్కన పెట్టి రచన మొత్తం వినండి. వెంటనే మూడు మాటలు రాసి, కాగితం మడిచి దాచండి. వాటితో ఐదో మెట్టులో పని ఉంది.

శీర్షిక ఎందుకు చూడకూడదంటే, చూసిన తరవాత చెవి స్వతంత్రంగా పనిచేయదు. డెబ్యుసీకి ఈ సంగతి బాగా తెలుసు. తన ప్రెల్యూడ్‌లకు పేర్లను పైన కాకుండా ప్రతి రచన చివర, కింద అచ్చువేయించాడు. మొదటి సంపుటం (1910) ఆరవ ప్రెల్యూడ్ పేరు ‘మంచు మీద అడుగులు’. పేరు ముందే తెలిస్తే మొదటి బారులోనే అడుగులు వినిపిస్తాయి, మరేమీ వినిపించదు.

2. పైనున్న మాట వేగాన్ని చెబుతోందా, భావాన్ని చెబుతోందా?

ఇప్పుడు స్కోరు తెరవండి. ఎడమవైపు పైన ఉన్న మాటను అర్థంతో సహా రాసుకోండి. ఇటాలియన్ మాటలకు అలవాటుపడినవారికి ఇక్కడ జర్మన్, ఫ్రెంచ్ మాటలు ఎదురవుతాయి. ఓపస్ 19లో రెండోదానికి ‘లాంగ్‌జామ్’, అంటే నెమ్మదిగా. ఆరోదానికి ‘జెర్ లాంగ్‌జామ్’, చాలా నెమ్మదిగా. నాలుగోదానికి ‘రాష్, ఆబర్ లైష్ట్’, వేగంగా, అయినా తేలికగా.

తరవాత అడగవలసిన ప్రశ్న: ఈ మాట వేగానిదా, భావానిదా, రెండింటిదా? స్క్రియాబిన్ చివరి ప్రెల్యూడ్‌లు, ఓపస్ 74 (1914), చూడండి. మొదటిదాని పైన వేగం మాటే లేదు. ‘బాధగా, గుండె చీల్చేలా’ అని మాత్రం ఉంది. ఐదోదానికి ‘గర్వంగా, యుద్ధోత్సాహంతో’. ఇలాంటి చోట "టెంపో: బాధగా" అని రాయకండి. టెంపో గడిలో "వేగం సూచన లేదు" అని రాసి, ఈ మాటను భావం గడిలోకి తీసుకెళ్లండి. ప్రొకోఫియెవ్ ‘విజన్స్ ఫ్యుజిటివ్స్’ (1915–17) లోనూ ఇంతే. ఇరవై చిన్న రచనలు, కొన్నింటి పైన వేగం, కొన్నింటి పైన ‘వెక్కిరింపుగా’, ‘క్రూరంగా’ వంటి మాటలు.

మెట్రోనోమ్ అంకె ఉంటే పని తేలిక. డెబ్యుసీ ఆరవ ప్రెల్యూడ్ మీద ‘విషాదంగా, నెమ్మదిగా’ అన్న మాటతో పాటు క్రాచెట్‌కు 44 అని, అంటే ఒక బీట్ విలువ గల క్రాచెట్ స్వరాలు నిమిషానికి 44 అని, అంకె కూడా ఉంది. బార్టోక్ ఇంకా పట్టుదల మనిషి, చాలా రచనలకు మెట్రోనోమ్ అంకెతో పాటు మొత్తం ఎన్ని సెకన్లు పట్టాలో కూడా చివర రాసిపెట్టేవాడు. షోన్‌బర్గ్ ఓపస్ 19లో అంకెలు ఏమీ లేవు. మీ ప్రతిలో అంకె కనిపిస్తే అది సంపాదకుడు చేర్చినదేమో చూసుకోండి.

3. అంకె లేనప్పుడు టెంపో లెక్కకట్టడం

సూత్రం ఒక్కటే: మొత్తం బీట్‌లను 60తో గుణించి, రికార్డింగు సెకన్లతో భాగించండి.

ఓపస్ 19 ఆరవ రచన నాలుగు బీట్‌ల బార్లు తొమ్మిది. అంటే 36 క్రాచెట్లు. మీ రికార్డింగు 75 సెకన్లు ఉంటే 36 × 60 ÷ 75 = 28.8. అదే 90 సెకన్లయితే 24. సరిగ్గా నిమిషమైతే 36. రికార్డింగు నిడివి అని యాప్ చూపించే అంకెను నేరుగా వాడకండి. మొదట్లో, చివర్లో ఉన్న నిశ్శబ్దం కూడా అందులో కలిసి ఉంటుంది. మొదటి స్వరం మోగినప్పుడు స్టాప్‌వాచ్ నొక్కి, చివరి స్వరానికి రాసిన విలువ పూర్తయినప్పుడు ఆపండి.

ఇలా వచ్చేది సగటు మాత్రమే. మధ్యలో వేగం తగ్గించమన్న సూచనలుంటే సగటు అసలు వేగం కన్నా తక్కువ వస్తుంది. డెబ్యుసీ ప్రెల్యూడ్ 36 బార్లు, 144 బీట్‌లు. 44 చొప్పున ఎక్కడా ఆగకుండా వాయిస్తే దాదాపు 196 సెకన్లు, అంటే మూడుంపావు నిమిషాలు. మీ దగ్గరున్న రికార్డింగు అంతకన్నా పొడుగ్గా ఉంటే పియానిస్టు తప్పు చేశాడని అనుకోకండి. ‘నెమ్మదించు’, ‘ఇంకా నెమ్మదిగా’ అని స్కోరులోనే పలుచోట్ల ఉంది. ఇలాంటి రచనలకు మొత్తం కొలవకుండా, సూచనలేమీ లేని నాలుగు బార్లను కొలవండి.

ఫ్రెంచ్ స్వరకర్త ఎరిక్ సతీ ‘నోసియెన్‌’ల వంటి వాటిలో మొదటి మూడింటికి బార్ గీతలే ఉండవు. అక్కడ ఎడమచేతి నమూనా ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టి దాన్నే కొలమానం చేసుకోండి.

యాప్ చూపించే అంకె ఎందుకు తప్పుతుందంటే, అది స్వరాలు మొదలయ్యే క్షణాల మధ్య క్రమం వెతుకుతుంది. డాన్స్ పాటలో డ్రమ్ము ఆ క్రమాన్ని ఇస్తుంది. ఆరవ రచనలో ఒక చేతి స్వరసమూహం మోగి, దాని మీద రెండోది వచ్చి, రెండూ అలా నిలిచి ఉంటాయి. క్రమం దొరకని యాప్ తనకు అలవాటైన వేగాల్లో ఏదో ఒకటి చెబుతుంది. చాలాసార్లు అసలుకు రెట్టింపో నాలుగింతలో చూపుతుంది. 28 దగ్గర ఉండాల్సిన చోట 115 చూపిస్తే అర్థం చేసుకోండి.

మరో చిక్కు మెట్రోనోమ్‌తో. లోలకం ఉన్న పాత రకం సాధారణంగా 40 కన్నా కిందికి దిగదు. మీకు 29 కావాలంటే 58కి పెట్టి ఒక్కో చప్పుడును అర క్రాచెట్, అంటే క్వేవర్‌గా లెక్కించండి. ఇది రాజీ కాదు, నిజానికి మేలే. అంత నెమ్మది వేగంలో రెండు బీట్‌ల మధ్య దూరాన్ని లోపల లెక్కపెట్టుకోకపోతే ఎవరైనా తొందరపడతారు.

ఎంచుకున్న వేగం మీ వాద్యానికి సరిపోతుందో లేదో చూడటానికి ఒక పరీక్ష. ఆరవ రచన మొదట్లో కుడిచేయి మూడు స్వరాలను కలిపి నొక్కి పట్టుకుంటుంది: ఎ, ఎఫ్ షార్ప్, బి. ఆ మోత ఆరకముందే ఎడమచేయి జి, సి, ఎఫ్‌లను కలపాలి. రెండోది వచ్చేసరికి మొదటిది వినిపించకుండా పోతే, ఆ వేగం మీ వాద్యానికి మరీ తక్కువ. చిన్న డిజిటల్ కీబోర్డుల్లో నాదం త్వరగా ఆరిపోతుంది, వాటి మీద పరిధిలో కాస్త వేగవంతమైన కొన వైపు జరగండి. ఆర్గాన్ స్వరంలో పెట్టి మాత్రం పరీక్షించకండి. అక్కడ నాదం ఆరనే ఆరదు.

ఒక పొరపాటు గురించి విడిగా చెప్పాలి. ఓపస్ 19 రెండోదానిలో జి, బి జంట పదేపదే టక్కుమని మోగుతుంది. అక్కడ ‘అత్యంత కురచగా’ అన్న సూచన ఉంది. స్వరాలు కురచగా ఉన్నాయి కదా అని చాలామంది వేగం పెంచేస్తారు. స్వరం ఎంతసేపు మోగాలన్నది స్పర్శకు సంబంధించినది, రెండు స్వరాల మధ్య ఎంత దూరమన్నది టెంపో. పైన ఉన్న మాట ‘నెమ్మదిగా’ అనే. కురచ స్వరం, దాని చుట్టూ పొడుగాటి ఖాళీ, ఆ రచన రుచి అదే.

4. కీ: నాలుగు పరీక్షలు

అన్నిటికన్నా ఎక్కువ తప్పులు ఇక్కడే. అన్నిటికన్నా ముందు వదులుకోవలసిన అలవాటు: కీ సిగ్నేచర్ (ప్రతి వరుస మొదట్లో వేసే షార్ప్, ఫ్లాట్ గుర్తులు) ఖాళీగా ఉంటే "సి మేజర్" అని రాయడం. ఓపస్ 19లో దేనికీ కీ సిగ్నేచర్ లేదు. ఒక్కటి కూడా సి మేజర్ కాదు. ఖాళీ అంటే "ఏ కీకీ కట్టుబడలేదు, ప్రతి షార్పూ ఫ్లాటూ అక్కడికక్కడే రాస్తాను" అని.

సిగ్నేచర్ ఉన్నంత మాత్రాన నమ్మాలనీ లేదు. బార్టోక్ పద్నాలుగు బాగటెల్‌లలో మొదటిది (1908) తెరవండి. కుడిచేతికి నాలుగు షార్ప్‌లు, ఎడమచేతికి నాలుగు ఫ్లాట్‌లు! దీన్ని రెండు కీలు కలిపిన రచన అంటూ చాలామంది రాశారు. బార్టోక్ మాత్రం తరవాతి కాలంలో ఇది రెండు కీల మిశ్రమం కానే కాదు, ఫ్రిజియన్ ఛాయ ఉన్న సి మేజర్ అంతే అని తేల్చేశాడు. ఫ్రిజియన్ స్వరాలు మన హనుమతోడి స్వరాలే కాబట్టి, సి దగ్గర సా పెట్టుకుని వింటే తెలుగు చెవికి ఆయన మాట త్వరగానే అందుతుంది.

సరే, పరీక్షలు.

*పునరావృతం.* ఏ స్వరం, ఏ జంట పదేపదే వస్తోందో పెన్సిలుతో చుట్టండి. ఓపస్ 19 రెండోదానిలో జి, బి జంట కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. డెబ్యుసీలో ‘డి నుంచి ఇ, ఇ నుంచి ఎఫ్’ అనే చిన్న కదలిక దాదాపు చివరిదాకా వదలదు.

*అట్టడుగు, ముగింపు.* నిలిచి ఉన్న కింది స్వరం ఏది? చివర్లో ఏ స్వరం మిగులుతుంది? డెబ్యుసీ డి మైనర్ మీద స్పష్టంగా ముగుస్తుంది. షోన్‌బర్గ్ రెండోదాని చివరి స్వరసమూహంలో జి, బి మళ్లీ ఉన్నాయి, కాని వాటి మీద వేరే స్వరాలు పేరుకుని ఉన్నాయి. ఆరోదాని ముగింపులో మంద్ర స్థాయి స్వరాలు రెండు వినిపించీ వినిపించనట్టు వస్తాయి. అవి దేనికీ ఇల్లు కావు. కింద ఉంది కదా అని ఆఖరి స్వరాన్నే కీగా రాయడం మరో మామూలు తప్పు.

*సా పరీక్ష.* రికార్డింగును మూడు చోట్ల ఆపండి: మూడో వంతు దగ్గర, మూడింట రెండు వంతుల దగ్గర, చివర. ఆపిన ప్రతిసారీ, కీబోర్డు ముట్టుకోకుండా, మీకు సా అనిపించిన స్వరాన్ని గొంతులో నిలపండి. అది ఏ స్వరమో తరవాత కీబోర్డు మీద చూసుకోండి. మూడుసార్లూ ఒకటే వస్తే కేంద్రం ఉన్నట్టు. మూడుసార్లు మూడు వస్తే, లేదా గొంతు పలకడానికి మొరాయిస్తే, కేంద్రం లేనట్టు. మొరాయించడం కూడా ఒక ఫలితమే, దాన్ని రాసుకోండి. సంగీతం నేర్చుకున్నవాళ్లే ఈ పరీక్షలో ఎక్కువ బలవంతం చేస్తారు, ఏదో ఒక సా తేల్చాలని.

*తంబూర పరీక్ష.* అనుమానం ఉన్న స్వరానికి శ్రుతి పెట్టి, పంచమం తీసేసి, సా ఒక్కటే ఉంచి, సన్నగా మోగిస్తూ దాని మీద రికార్డింగు పెట్టండి. డెబ్యుసీకి డి శ్రుతి పెట్టండి. మొదట్లో కుదురుకుంటుంది, మధ్యలో కొన్ని చోట్ల పోట్లాడుతుంది, చివరికి మళ్లీ ఒదుగుతుంది. కీ ఉన్న రచన లక్షణం అది. షోన్‌బర్గ్ రెండోదానికి జి పెట్టండి. ఎడమచేతి జంటతో కలుస్తుంది, పైన వచ్చే రాగపు ముక్కతో కలవదు. ఆరోదానికి ఏది పెట్టినా పరాయిదిలాగే ఉంటుంది.

ఎందుకో కావాలంటే ఆ మొదటి ఆరు స్వరాలను సి సాగా అనుకుని రాసి చూడండి: స, ప, చతుశ్రుతి ధైవతం, కాకలి నిషాదం, శుద్ధ మధ్యమం, ప్రతి మధ్యమం. రెండు మధ్యమాలు, ఒకదాని వెనక ఒకటి కాదు, ఒకేసారి నిలబడి మోగుతున్నాయి. ఏ మేజర్, మైనర్ స్కేలులోనూ ఈ ఆరూ కలిసి ఇమడవు. "ఇది ఏ రాగానికి దగ్గర?" అని అడిగేవారికి కూడా ఇదే జవాబు. దగ్గర లేదు, వెతకకండి.

యాప్‌లు కీ విషయంలో ఎందుకు మోసపోతాయో కూడా ఇక్కడే అర్థమవుతుంది. మామూలుగా అవి పన్నెండు స్వరాల్లో ఏది ఎంతసేపు మోగిందో కూడి, పన్నెండు మేజర్లు, పన్నెండు మైనర్లు, మొత్తం 24 నమూనాలతో పోల్చి, అన్నిటికన్నా దగ్గరగా ఉన్నదాన్ని చూపిస్తాయి. ‘ఏదీ కాదు’ అన్న ఇరవై అయిదో జవాబు ఆ జాబితాలో ఉండదు. అందుకే అదే రచన రెండు రికార్డింగులకు రెండు కీలు చూపించడం కూడా జరుగుతుంది. అలా జరిగితే అదే మీకు ఆధారం.

ఫలితాన్ని ఇలా రాయండి:

- పరీక్షలన్నీ ఒకే స్వరాన్ని చూపి, మూడో స్వరం మేజరో మైనరో స్పష్టంగా ఉంటే, కీ పేరు రాయండి. డెబ్యుసీ: డి మైనర్, మధ్యలో దూరం వెళ్లి తిరిగి వస్తుంది.
- స్వరం ఒకటే కాని చుట్టూ ఉన్నవి ఆ కీకి లొంగకపోతే, "జి కేంద్రంగా, కీ లేదు" అని రాయండి. షోన్‌బర్గ్ రెండోది ఇదే. జి, బి రెండూ ఉన్నాయి కదా అని "జి మేజర్" అనేయకండి.
- కేంద్రం లేకపోతే, "కీ లేదు" అని ఆపకుండా, బదులుగా ఏది రచనను పట్టి ఉంచుతోందో రాయండి. ఆరోదానిలో మొదటి రెండు స్వరసమూహాలు చివరి బారులో తిరిగి వస్తాయి, ఇల్లు అంటూ ఉంటే అదే.

వెబెర్న్ ‘వేరియేషన్స్’, ఓపస్ 27 (1936) రెండో భాగం మరో రకం. పన్నెండు స్వరాల పద్ధతిలో రాసినది, కీ లేదు. అయినా మధ్య సి పైన ఉన్న ఎ స్వరం అద్దంలా నిలబడి, దానికి పైన ఎంత దూరంలో ఒక స్వరం వస్తే కింద అంతే దూరంలో ఇంకొకటి వస్తుంది. ఇలాంటిదానికి "కీ లేదు, ఎ స్వరం చుట్టూ సౌష్ఠవం" అని రాస్తే చాలు. చెవితో పట్టుకోవడం కష్టం. స్వరాల మధ్య దూరాలు లెక్కపెట్టి చూడాల్సిందే.

5. భావం: మాటకు ఆధారం చూపించాలి

మడిచి దాచిన కాగితం ఇప్పుడు తెరవండి. మీరు రాసిన ఒక్కో మాట పక్కన స్కోరు నుంచి కనీసం రెండు సాక్ష్యాలు రాయాలి. ఎక్కడ వెతకాలంటే: బలం గుర్తులు, స్థాయి (మంద్రమా, తారమా), స్పర్శ (కురచా, నిలిపినదా), నిశ్శబ్దాలు, స్వరాల సాంద్రత. సాక్ష్యం దొరకని మాటను కొట్టేయండి. మొదటి వినికిడిలో రాసిన మూడింటిలో ఒకటి మిగిలితే మంచి చెవే.

ఆరవ రచనకు చేసి చూద్దాం. బలం నాలుగు ‘పి’ల నుంచి (‘పి’ అంటే మెత్తగా, ఎన్ని ఎక్కువుంటే అంత మెత్తగా) ఒక్క ‘పి’ వరకే, ఆపైకి ఎక్కడా వెళ్లదు. స్వరసమూహాలు మోగి, ఆరుతూ, మళ్లీ మోగుతాయి. చివర ‘ఊపిరిలా’ అని రాసి ఉంది. మీరు "ప్రశాంతం" అని రాసి ఉంటే, నెమ్మది, మెత్తదనం దానికి సాక్ష్యాలే. కాని ఆ ఆరు స్వరాల ఒరిపిడి మాటేమిటి? ప్రశాంతత దాన్ని వివరించలేదు. "నిశ్చలం, ఉద్విగ్నం" అంటే రెండూ ఇముడుతాయి. "కరుణ రసం" అని రాసేసి ముగించేవాళ్లున్నారు. తప్పని అనను, కాని అది జవాబు కాదు. నవరసాల్లో ఒకటి ఎంచుకోమంటే నెమ్మదిగా ఉన్న ప్రతి రచనకూ అదే పేరు పెట్టాల్సివస్తుంది.

మాట సరిపోయిందో లేదో చూడటానికి మార్పిడి పరీక్ష చేయండి. మీరు రాసిన వాక్యంలో రచన పేరు తీసేసి ఇంకో నెమ్మది రచన పేరు పెట్టండి. డెబ్యుసీ ప్రెల్యూడ్‌కు కూడా అదే వాక్యం చెల్లితే వాక్యం వదులుగా ఉన్నట్టే. డెబ్యుసీలో విషాదం నడుస్తుంది, ఆ చిన్న కదలిక ఆగదు. దాని దగ్గరే ‘ఈ లయకు విషాదమైన, గడ్డకట్టిన నేపథ్యపు విలువ ఉండాలి’ అనే అర్థం వచ్చేలా రాశాడు. షోన్‌బర్గ్‌లో నడక లేదు. ఈ తేడా మీ వాక్యంలో కనిపించాలి.

6. చరిత్ర చివర్లోనే

స్వరకర్త గుస్తావ్ మాలర్ 1911 మే 18న వియన్నాలో మరణించాడు. ఓపస్ 19 ఆరవ రచన తేదీ 1911 జూన్ 17. షోన్‌బర్గ్‌కు మాలర్ అంటే ఎంత గౌరవమో తెలిసిందే. కాబట్టి ఈ రచనను ఆయన స్మృతిగా, ఆ స్వరసమూహాలను గంటల మోతగా వినడం ఎప్పటినుంచో ఉన్న సంప్రదాయం. మీ నోట్స్‌లో రాసుకోవచ్చు, రాయాలి కూడా.

అయితే ఇక్కడో గోతి ఉంది. మొదటి అయిదు రచనలూ ఫిబ్రవరి 19న, ఒక్క రోజులో రాసినవి. అప్పటికి మాలర్ బతికే ఉన్నాడు, న్యూయార్క్‌లో కచేరీలు నిర్వహిస్తున్నాడు. "ఓపస్ 19 మాలర్ మరణానికి విలపించే ఆరు రచనలు" అని కనిపిస్తే, రాసినవాళ్లు తేదీలు చూడలేదన్నమాట. రెండోదానిలోని కురచ స్వరాలను అంత్యక్రియల అడుగులుగా వర్ణిస్తే అదీ ఇదే కోవ.

చరిత్రను ఆరో మెట్టులో పెట్టడానికి కారణం ఇదే. ఐదో మెట్టులో మీకు మీరే కనుక్కున్నదాన్ని అది బలపరిస్తే సరే. మీ సాక్ష్యాల్లో లేని దుఃఖాన్ని చరిత్ర నుంచి తెచ్చి అతికిస్తే మాత్రం వాయించేటప్పుడు తేలిపోతుంది. అవసరం లేని చోట నిట్టూర్పులు, ఈడ్చుకుపోయే రుబాటో (లయను ఇష్టానుసారం సాగదీయడం) మొదలవుతాయి.

7. రాయడం

మూడు వాక్యాలు చాలు. నమూనాగా:

"ఓపస్ 19, సంఖ్య 6. చాలా నెమ్మదిగా, మెట్రోనోమ్ సూచన లేదు, నేను క్రాచెట్‌కు 28–32 మధ్య వాయిస్తాను. కీ లేదు, ఆరు స్వరాల మొదటి నాదం చివరి బారులో తిరిగి వచ్చి రచనను మూసివేస్తుంది. ఒక్క ‘పి’కి మించని బలం, నిలిచి ఆరిపోయే నాదాలు కలిసి నిశ్చలమైన ఉద్విగ్నతను ఇస్తాయి."

"ఓపస్ 19, సంఖ్య 2. నెమ్మదిగా. జి కేంద్రంగా, కీ లేదు. అత్యంత కురచగా మోగే జి–బి జంట పొడిగా, పట్టు విడవకుండా సాగుతుంటే, పైన రాగం దానికి లొంగకుండా విడిగా నడుస్తుంది."

టెంపోకు ఒకే అంకె కాకుండా పరిధి ఇవ్వండి, అది మీ నిర్ణయమని స్పష్టంగా చెప్పండి. "టెంపో 29" అని రాస్తే షోన్‌బర్గ్ చెప్పినట్టు ధ్వనిస్తుంది. ఆయన చెప్పలేదు.

ఫలితం సరిచూసుకోవడం

రెండో రికార్డింగు తీసి, మీరు రాసిన మూడు వాక్యాలూ దానికీ వర్తిస్తాయో లేదో చూడండి. టెంపో మారవచ్చు. కీ మాత్రం మారకూడదు. మారిందంటే స్కోరును కాకుండా ఒక పియానిస్టు ఎక్కువ నొక్కిన స్వరాన్ని కీగా రాశారన్నమాట. భావం వాక్యం పాక్షికంగా మారితే, ఏ మాట మారిందో చూడండి. మారిన మాట పియానిస్టుది, మారనిది రచనది.

ఇంకో పని. స్కోరు చదవగలిగిన స్నేహితులకు రచన పేరు చెప్పకుండా మీ మూడు వాక్యాలు ఇచ్చి, ఓపస్ 19 ఆరింటిలో ఏదో గుర్తుపట్టమనండి. వాళ్లు మూడోదాన్నీ ఆరోదాన్నీ తికమకపడితే ఆశ్చర్యం లేదు, రెండింటిలోనూ వేగం ‘చాలా నెమ్మది’యే, రెండూ తొమ్మిది బార్లే. అలాంటప్పుడు బలం గురించిన వాక్యానికి పదును పెట్టండి. మూడోదాని మొదట్లో కుడిచేయి బిగ్గరగా, ఎడమచేయి అతి మెత్తగా వాయించాలి. ఆరోదానిలో ఆ తేడాయే లేదు.

ఆరింటినీ వరుసగా వాయించబోతుంటే, ప్రచురించిన స్కోరులో షోన్‌బర్గ్ పెట్టిన ఒక షరతు చూసుకోండి: ఒక్కో రచన తరవాత తగినంత విరామం ఇవ్వాలి, ఒకదానిలోకి ఒకటి జారిపోకూడదు. ప్లేలిస్టులో పెట్టి వింటూ టెంపో కొలుస్తున్నవారు ఈ విరామాన్ని సెకన్లలో కలుపుకోకూడదు. పరీక్ష దరఖాస్తులో కీ గడి ఖాళీ వదలడానికి ఒప్పుకోకపోతే "లేదు" అని రాసి, వివరం ప్రోగ్రాం నోట్స్‌లో ఇవ్వండి. గడి నింపడం కోసం సి మేజర్ మాత్రం రాయకండి.